పట్టాల పక్కన నడిచేవాళ్లు

2020 మే 8. తెల్లవారుజామున మహారాష్ట్రలోని ఔరంగాబాద్ జిల్లా కర్మాడ్ దగ్గర పట్టాల మీద నిద్రపోతున్న వలస కూలీల మీదుగా గూడ్సు బండి వెళ్లిపోయింది. 16 మంది చనిపోయారు. మధ్యప్రదేశ్ నుంచి వచ్చి జాల్నాలో ఉక్కు కర్మాగారంలో పనిచేసినవాళ్లు. లాక్‌డౌన్‌లో పని పోయింది. భుసావల్ చేరితే సొంత ఊరికి రైలు దొరుకుతుందన్న ఆశతో రాత్రంతా నడిచారు. రోడ్డెక్కితే పోలీసులు ఆపుతారు. పట్టాలు పట్టుకుంటే దారి తప్పదు, పైగా ఆ రోజుల్లో రైళ్లు తిరగడం లేదు కదా అనుకున్నారు. కాళ్లు పీకి, అక్కడే పడుకున్నారు. కంకర మీద చెదిరిపడిన రొట్టెల ఫొటో చాలామందికి ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.

ఇన్నేళ్ల తర్వాత దాన్ని మళ్లీ ఎత్తడానికి కారణం ఉంది. వాడకంలో లేని రైలు కట్టల మీద, కాలువ గట్ల మీద, నీటి గొట్టాల వెంబడి నడకదారులు, సైకిల్ దారులు వేయాలన్న ఆలోచన మన నగరాల్లోనూ బలపడుతోంది. మంచి ఆలోచనే. మేము దానికి అడ్డం కాదు. కానీ ఆ పథకాల బొమ్మలు చూసినప్పుడల్లా మాకు ఒకటి తడుతుంది. ఆ బొమ్మల్లో తెల్ల బూట్లు వేసుకుని పరుగెత్తేవాళ్లు ఉంటారు, హెల్మెట్ పెట్టుకుని సైకిల్ తొక్కే పిల్లలు ఉంటారు. తల మీద బుట్టతో నడిచే ఆమె ఉండదు. క్యారేజీ డబ్బా హ్యాండిల్‌కు తగిలించుకుని డ్యూటీకి పోయే ముసలాయన ఉండడు.

పేదవాడికి రైలు కట్ట ఎప్పటి నుంచో నడకదారే. ఏ ఊళ్లో చూసినా పట్టాల అవతల వాడ, ఇవతల బడి, బజారు, ఆసుపత్రి. రోజూ నాలుగుసార్లు దాటాల్సిందే. చుట్టూ తిరిగి గేటు దాకా పోతే రెండు కిలోమీటర్లు, పట్టాల మీదుగా అయితే రెండు వందల అడుగులు. వాళ్లకు తెలియక కాదు అది ప్రమాదమని. చట్టం మాత్రం వాళ్లను ఒకే పేరుతో పిలుస్తుంది: అక్రమ ప్రవేశకులు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే కట్ట మీద నుంచి పట్టాలు తీసి, తారు పోసి, పూలమొక్కలు పెడితే అక్కడ నడిచేవాళ్ల పేరు 'సందర్శకులు' అవుతుంది.

బయటి దేశాల్లో ఈ పని చాలాకాలంగా జరుగుతోంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్రాయ్ నుంచి స్పార్టా దాకా సుమారు 50 కిలోమీటర్ల పాత లైనును 1960లలోనే బాటగా మార్చారు. మూడు సొరంగాలున్నాయి, వాటిలో ఒకటి కిలోమీటరు పైచిలుకు. సైకిల్ దిగి దీపం పట్టుకుని నడిపించుకుంటూ పోవాలి. న్యూజిలాండ్‌లో ఒటాగో ప్రాంతంలో 1990లో మూతపడిన లైను 2000లో 150 కిలోమీటర్ల బాటగా తెరుచుకుంది. రైలు పోయి వెలవెలబోయిన చిన్న ఊళ్లకు భోజన హోటళ్లు, బసలు, సైకిల్ రిపేరు కొట్లు వచ్చాయి. స్పెయిన్ 1993లో మొదలుపెట్టి మూడు వేల కిలోమీటర్లు దాటించింది.

రైలు కట్ట నడకకు ఎందుకంత అనువుగా ఉంటుందంటే, ఆవిరి ఇంజను నిట్టనిలువు ఎత్తు ఎక్కలేదు. వంద మీటర్లు పోతే ఒక మీటరు లేవడం కూడా దానికి కష్టమే. అందుకని కొండ అడ్డొస్తే తొలిచారు, పల్లం వస్తే మట్టి పోసి కట్ట లేపారు, వంపును దూరం నుంచే తిప్పుకొచ్చారు. అప్పట్లో ఇంజను కోసం పడిన ఆ శ్రమ ఇవాళ మోకాళ్ల నొప్పులున్న అవ్వకు, చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషికి, బియ్యం బస్తా కట్టిన సైకిల్‌కు పనికొస్తుంది. ఆ మట్టి మోసింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. మన తాతముత్తాతల్లో కట్టపనికి పోయినవాళ్లు ఎందరో.

ఇక పట్టాలు పోయాక ఆ జాగా ఏమవుతుందన్న ప్రశ్న. దీనికి యానాం పాఠకులకు దగ్గరలోనే ఒక కథ ఉంది. కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా గౌతమి ఒడ్డున కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల లైను 1928లో పడింది. 1940లో రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని ఆ పట్టాలు ఊడబెరికి తీసుకుపోయారు. మళ్లీ రైలు కూత వినపడింది 2004లో. అరవై నాలుగేళ్లు! ఒక తరం పుట్టి, పెరిగి, రైలు ఎక్కకుండానే ముసలిదైపోయింది. ఒకసారి పోయిన దారి తిరిగి రావడానికి ఎంత కాలం పడుతుందో, ఎన్ని అర్జీలు పెట్టాలో గోదావరి జిల్లాల వాళ్లను అడిగితే చెబుతారు.

అమెరికావాళ్లు ఈ చిక్కుకు 1983లో చట్టంలో ఒక ఏర్పాటు చేసుకున్నారు. కంపెనీ రైలు నడపడం మానుకున్నా ఆ జాగాను ముక్కలు చేసి అమ్మకుండా నడకబాటగా వాడుకోవచ్చు. రేపు రైలు అవసరమైతే తిరిగి తీసుకోవచ్చు. దారిని బ్యాంకులో వేసి ఉంచడమన్నమాట. దాన్ని పక్క పొలాల వాళ్లు కోర్టులో ఎదిరించారు. రైలు పోతే జాగా మాకు తిరిగి రావాలి కదా అని వాళ్ల వాదన. 1990లో అక్కడి సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది, నష్టపోయామనుకునేవాళ్లు పరిహారం అడిగే తలుపును మాత్రం మూయలేదు. అసలు ఆ నేల రైతులకన్నా ముందు మూలవాసులదన్న సంగతి ఆ వాదనల్లో ఎంత దూరం వినిపించిందన్నది వేరే కథ.

మన దగ్గర రైల్వేకు ఇక అక్కర్లేదనుకున్న జాగాల మీద రాబడి తేవడానికి రైలు భూముల అభివృద్ధి సంస్థ అని ఒకటుంది. 2005 చట్ట సవరణతో వచ్చింది. ఖాళీ జాగాను వ్యాపారానికి లీజుకివ్వడం దాని పని. పర్లాకిమిడి వైపు 1900లో మొదలైన నారోగేజి బండి, బార్శీ వైపు 1897లో మొదలైన నారోగేజి బండి, రెండూ ఇప్పుడు బ్రాడ్‌గేజి. లైను మార్చినప్పుడు వంపులు సరిచేస్తారు, వంతెనలు పక్కకు జరుపుతారు. అలాంటి చోట పాత కట్ట ముక్కలుగా మిగిలిపోతుంది. దాని మీద తుమ్మలు మొలుస్తాయి, చెత్త పడుతుంది, తర్వాత ఎవరో ఒకరి కంచె లేస్తుంది. ఆ ముక్కలు పంచాయతీకో మునిసిపాలిటీకో నడకదారిగా అప్పగించమని అడగడం పెద్ద కోరిక కాదు.

అయితే బాట రావడమే న్యాయం కాదు. ఈ సంపాదకీయంలో మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

అట్లాంటా నగరం చుట్టూ పాత రైలు లైన్లను కలిపి 22 మైళ్ల వలయంగా బాట వేయాలని రయాన్ గ్రేవెల్ అనే విద్యార్థి 1999లో తన పరిశోధనా వ్యాసంలో రాశాడు. నల్లవాళ్లు, పేదలు ఉన్న పేటలను నగరంతో కలపాలన్నది అతని ఆశ. నగరం దాన్ని తలకెత్తుకుంది. 5,600 చవక ఇళ్లు కూడా కట్టిస్తామంది. బాట వచ్చింది, బాట పక్కన ఇళ్ల ధరలు పెరిగాయి, అద్దెలు పెరిగాయి, ఇళ్ల హామీ మాత్రం వెనకబడింది. 2016లో గ్రేవెల్ ఆ పథకానికి తోడ్పడే సంస్థ బోర్డు నుంచి రాజీనామా చేశాడు, పేదల ఇళ్ల సంగతి పట్టించుకోవడం లేదని. బాటను కలగన్న మనిషే అలా బయటికి రావాల్సి వచ్చింది.

ముంబయి కథ ఇంకా కటువైనది. తాన్సా చెరువు నుంచి నగరానికి నీళ్లు తెచ్చే పెద్ద గొట్టాల పక్కన ఏళ్ల తరబడి వేలాది కుటుంబాలు గుడిసెలు వేసుకుని బతికాయి. గొట్టాలకు భద్రత లేదని వచ్చిన ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, రెండు వైపులా పది మీటర్ల మేర ఖాళీ చేయాలని బొంబాయి హైకోర్టు ఆదేశించింది. కోటి మందికి పైగా తాగే నీటి భద్రత చిన్న విషయం కాదు, అది మేమూ ఒప్పుకుంటాం. ఖాళీ అయిన జాగాలో మళ్లీ గుడిసెలు పడకుండా 39 కిలోమీటర్ల సైకిల్ దారి వేస్తామని నగరపాలక సంస్థ ప్రకటించింది. మరి అక్కడి నుంచి లేపినవాళ్లు ఎక్కడికి పోయారు? చాలామందిని చెంబూరు అవతల మాహుల్‌లోని కాలనీలకు పంపారు. పక్కనే చమురు శుద్ధి కర్మాగారాలు. ఆ ఊళ్ల గాలి మనుషుల ఆరోగ్యానికి ముప్పని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లోనే అంది. దగ్గులు, చర్మరోగాలు, చావులు చెప్పుకుంటూ అక్కడివాళ్లు నెలల తరబడి రోడ్డు మీద కూర్చుని పోరాడారు. 2019 సెప్టెంబరులో హైకోర్టు, వాళ్లను అక్కడ ఉండమని బలవంతపెట్టడానికి వీల్లేదని, వేరే ఇల్లు చూపించలేకపోతే నెలకు 15,000 రూపాయల అద్దె, 45,000 రూపాయల డిపాజిట్ ఇవ్వమని ప్రభుత్వాన్ని ఆదేశించింది.

గాలి బాగుంటుందనే కదా సైకిల్ దారి? ఆ గాలి కోసం జాగా ఖాళీ చేసినవాళ్లకు దక్కిన గాలి అది.

రైలు జాగాల్లోనూ ఇదే జరగవచ్చు. పట్టాల పక్కన ఇల్లు వేసుకున్నవాళ్లు సరదాకు వేసుకోలేదు, పని దగ్గర ఇంకెక్కడా చోటు దొరక్క వేసుకున్నారు. 2023 జనవరిలో హల్ద్వానీలో రైల్వే జాగా పేరుతో సుమారు 50,000 మందిని ఏడు రోజుల్లో ఖాళీ చేయించాలన్న ఆదేశం మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, పునరావాసం మాటేమిటని అడిగింది. మేము అనేదీ అంతే. బాట గీసే కాగితం మీద అక్కడున్న ప్రతి ఇంటి గుర్తూ ముందు ఉండాలి. ఇల్లు పోక తప్పని చోట కొత్త ఇల్లు నడిచి పనికి పోగలిగిన దూరంలో చూపించాకే మొదటి తట్ట మట్టి పడాలి.

దారి ఎవరిదన్న ప్రశ్న ఈ దేశంలో మరీ పాతది. 1901లో సతారా నుంచి తండ్రి దగ్గరికి బయల్దేరిన బాలుడు భీమ్‌రావు, ఇంట్లోని మిగతా పిల్లలతో కలిసి మసూర్ స్టేషన్‌లో దిగాడు. రైలు ఎక్కినప్పుడు టికెట్ ఉంటే సరిపోయింది. దిగాక స్టేషన్ బయట బండివాళ్లకు వీళ్లు మహార్లని తెలిసింది. రెట్టింపు కిరాయి ఇస్తామన్నా ఎక్కించుకునేవాడు లేడు. చివరికి ఒకడు, బండి మీరే తోలుకోండి నేను పక్కన నడుస్తానని ఒప్పుకున్నాడు. అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఇది రాసుకున్నారు. రైలు తీసుకెళ్లిన చోటికి, ఇంటి గడపకు మధ్య ఉన్న ఆ కొద్ది మైళ్లే అసలు దూరం. 1924లో వైకోం సత్యాగ్రహం గుడిలోకి పోవడానికి కూడా కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి. ఇరవై నెలలు పోరాడితే మూడు వైపుల దారులు తెరుచుకున్నాయి. చెప్పులేసుకుని, సైకిల్ ఎక్కి పై కులాల వీధిలోంచి పోతే కొట్టిన ఊళ్లు మన పెద్దలకు తెలుసు, కొన్నిచోట్ల మన పిల్లలకూ తెలుసు.

అందుకని ఎవరి వీధీ కాని దారి, ఏ గుడి ముందు నుంచీ ఏ పెద్దింటి అరుగు ముందు నుంచీ పోని దారి, మాకు కేవలం వ్యాయామం సంగతి కాదు. పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో, షీలారాణి చుంకత్ కలెక్టరుగా ఉన్న రోజుల్లో, సైకిల్ నేర్చుకోవడాన్ని అక్షరాస్యత ఉద్యమంలో కలిపారు. వేలమంది గ్రామీణ స్త్రీలు సైకిల్ ఎక్కారు. నీళ్లు తెచ్చుకోవడానికి, కూరగాయలు అమ్ముకోవడానికి, బస్సు కోసం మగవాళ్లను అడగకుండా పోయి రావడానికి. వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. చక్రాలు ఆగలేదు.

ఇంకా నడిచేవాళ్లు ఎంతమంది అంటారా? 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాక వేరే పనులు చేసేవాళ్లు ఇరవై కోట్లు. అందులో నాలుగున్నర కోట్ల మంది నడిచి, రెండు కోట్ల అరవై లక్షల మంది సైకిల్ మీద పనికి పోతున్నామన్నారు. ఒక్క 2022లోనే మన రోడ్ల మీద వాహనాలు గుద్ది చనిపోయిన పాదచారులు 32,825 మంది. నడవడానికి ఫుట్‌పాత్ ఉండడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్‌లో ఔటర్ రింగురోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ దారి 2023లో తెరిచారు, పైన సోలార్ పలకల కప్పు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ అది రింగురోడ్డును అంటుకుని పోయే దారి, బస్తీని పనిచోటుతో కలిపే దారి కాదు. నీడ కావాల్సింది ఎండలో పనికి పోయేవాడికి గదా.

కాబట్టి బాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది అందచందాల కన్నా ముందు తేలాలి. కేజీఎఫ్ గనులు 2001లో మూతపడ్డాక అక్కడి మన కుటుంబాల నుంచి ఎంతోమంది చీకటితోనే మారికుప్పం, ఛాంపియన్, ఊరుగాం స్టేషన్లలో రైలెక్కి బెంగళూరు పనులకు పోతున్నారు. చీకటి పడ్డాకే దిగుతారు. వాళ్లకు కావాల్సింది లైన్ల నుంచి స్టేషన్ దాకా దీపాలున్న, కుక్కల భయం లేని, మంచి దారి. షోలాపూర్‌లో చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పగించి, ఆకు తెచ్చుకోవడానికి తిరిగే తెలుగు ఆడవాళ్లకు కావాల్సింది లారీలు తగలని అంచు. రైలు గేట్ల సంగతి కూడా ఇందులో కలిసిందే. బ్రాడ్‌గేజి లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరి నాటికి ఎత్తేశారు, ప్రాణాలు దక్కాయి. వాటికి బదులు చాలా చోట్ల పట్టాల కింద నుంచి తవ్విన దారుల్లో వానాకాలం మోకాలి లోతు నీళ్లు. బడి పిల్లలు సంచి నెత్తిన పెట్టుకుని దాటడమో, మళ్లీ పట్టాలెక్కడమో.

కలిసి వాడుకునే దారి మీద గొడవలు తప్పవు. మూడు మీటర్ల వెడల్పయినా లేకపోతే సైకిలూ మనిషీ రాసుకుంటారు. మోటారు సైకిళ్లు దూరకుండా ఇనుప గుంజలు పాతితే చక్రాల కుర్చీ కూడా దూరదు, సామాను వేసుకున్న మూడు చక్రాల బండీ దూరదు. మాకు తోచింది, ఇనుము కన్నా మనిషి మేలు. ఆ బస్తీలోని వాళ్లకే కాపలా, శుభ్రత పనులు నెల జీతం మీద ఇస్తే కొన్ని పొయ్యిలూ వెలుగుతాయి. ఊడ్చే పని ఒక కులానికే కట్టబెట్టి కాంట్రాక్టరు చేతిలో పెడితే మాత్రం బాట కొత్తదే, పద్ధతి పాతదే. దారి పక్క ఇడ్లీ బండిని, మొక్కజొన్న పొత్తులమ్మే ఆమెను 'అందం చెడుతోంద'ని తరమడానికి వీల్లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ కమిటీలో నలభై శాతం వాళ్ల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఆ కమిటీ మీ ఊళ్లో ఉందా లేదా అని మునిసిపాలిటీలో అడిగి చూడండి. ప్రవేశ రుసుము అనే మాట ఎవరు తెచ్చినా మొదటి రోజే కాదనాలి.

పాఠకులకు ఒక పని అప్పగిస్తున్నాం. మీ పేటకు దగ్గరగా ఉన్న రైలు దాటే చోటో, పాత కట్టో, కాలువ గట్టో ఒకటి ఎంచుకోండి. ఒక పనిదినాన పొద్దున ఐదు నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఇద్దరిద్దరుగా నిలబడి లెక్క రాయండి. ఎంతమంది నడిచారు, ఎంతమంది సైకిల్ మీద, ఆడవాళ్లెందరు, బడి పిల్లలెందరు, కర్ర పట్టుకున్నవాళ్లెందరు, తల మీద మోత ఎందరికి. వాళ్ల పేర్లు వద్దు, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారో అడగండి చాలు. దీపం లేని స్తంభాలు లెక్కపెట్టండి. ఆదివారం ఆరాధన అయ్యాక యౌవనస్థులంతా కూర్చుని ఆ లెక్కను ఒక కాగితం మీదికి ఎక్కించి, ఒక ప్రతి మునిసిపాలిటీకి, ఒకటి రైల్వే డివిజన్ కార్యాలయానికి, ఒకటి మాకు పంపండి. పర్లాకిమిడి నుంచి వచ్చినా యానాం నుంచి వచ్చినా, వచ్చినవి వచ్చినట్టు తర్వాతి సంచికలో పెడతాం.